ఆయనకు మిగిలిన మాట

ఆయనకు గడ్డం గీస్తున్నాను. కుడి చెంప వాలిపోయింది, ఎడమచేత్తో పైకి లాగి పట్టుకుంటే తప్ప బ్లేడు ఆనదు. నురగ చెవిలోకి పోయినట్టుంది, తల విదిలించి "నువ్వూరుకో" అన్నాడు. తువ్వాలుతో చెవి తుడిచాను. మళ్ళీ "నువ్వూరుకో" అన్నాడు, ఈసారి మెత్తగా. హాయిగా ఉందని అర్థం.

పక్షవాతంతో కుడి కాలూ చెయ్యీ పడిపోయినప్పుడే మాటా పోయింది. ఆస్పత్రిలో అందరం ఆయన నోటివంకే చూస్తూ కూర్చున్నాం. చివరికి పెదవులు కదిలి వచ్చిన మాట అదే. ఆడపడుచు సంతోషం పట్టలేక ఏడ్చేసింది. ఆ తర్వాత ఇంకో మాట రాలేదు. దాహమైనా, నొప్పైనా, దుప్పటి కావాలన్నా అదొక్కటే. చూడ్డానికొచ్చినవాళ్ళు, దిగులు పడొద్దని భార్యను ఓదారుస్తున్నాడు పాపం, అని కళ్ళొత్తుకుంటారు.

ఆ మాటే ఎందుకు మిగిలిందని స్పీచ్ థెరపీ అమ్మాయిని అడిగాను. కచ్చితంగా చెప్పలేమనీ, కొందరికి బాగా అలవాటైన మాట ఒకటి ఉండిపోతుందనీ అంది. "ఇదివరకు ఎక్కువగా అనేవారా?" అని అడిగింది. మా అన్నయ్య ఎవర్నీ పల్లెత్తు మాట అనేవాడు కాదని ఆడపడుచు చెప్పింది. నిజమే. ఎవర్నీ అనేవాడు కాదు.

నాకు మాత్రం ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. పెళ్ళైన కొత్తలో ఆయన స్నేహితుల ముందు ఏదో అనబోతే నువ్వూరుకో. అద్దె ఇల్లు చూసి, గోడ చెమ్మగా ఉందంటే నువ్వూరుకో. తొలి వానలకే ఆ గోడ పెచ్చులూడి మంచం మీద పడింది. కళ్ళజోళ్ళ షాపులో నేను అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించేదాన్ని. ఆ పని గురించి ఎవరైనా నన్నడిగితే ఆయనే జవాబు చెప్పేవాడు, అదీ తప్పుగా. సరిదిద్దబోతే నువ్వూరుకో. కోపంగా ఏనాడూ అనలేదు, నవ్వుతూ, ఈగను తోలినట్టు. అందుకే అది నాకు తగులుతోందని ఎవరికీ తెలియలేదు. కొన్నాళ్ళకు నాక్కూడా.

ఈ జబ్బుతో నా పని ఆగిపోయింది. పొద్దున పూటైనా రమ్మని ఓనరమ్మ ఫోన్ చేసింది. ఆ మాట ఆడపడుచుతో అన్నాను.

"అదెలా కుదురుతుంది వదినా? అన్నయ్య మనసులో ఏముందో నీకొక్కదానికేగా అర్థమయ్యేది."

మెచ్చుకోలుగానే అంది. ఆయన మాట అర్థం చేసుకోవడానికి నేనున్నాను, సరే. నా మాటకు?

తర్వాతిసారి వెళ్ళినప్పుడు థెరపీ అమ్మాయి, రోజూ పనికొచ్చే కొత్త మాట ఒకటి మొదలుపెడదాం, ఏదైతే బాగుంటుందో మీరే చెప్పండి అంది. ఆడపడుచు 'నీళ్ళు' అంది. కాసేపాగి 'అమ్మ' అంది. ఆ అమ్మాయి నావైపు చూసింది.

"చెప్పు" అన్నాను.

ఆమె బొమ్మల కట్టలోంచి చెప్పుల జత ఉన్న కార్డు తీసింది.

"కాళ్ళకేసుకునేది కాదమ్మా. చెప్పమని అడుగుతామే, ఆ చెప్పు."

ఆడపడుచు నవ్వబోయి ఆగిపోయింది.

వారాలు పట్టింది. నా పెదవులు చూపిస్తూ, ఆయన ఎడమచేతిని నా గొంతు మీద ఆనించుకుని 'చె' పలికించేదాన్ని. ఆయనకు చెమటలు పట్టేవి. మధ్యలో పాత మాట తోసుకొచ్చేది, అప్పుడు తనే గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. ఇన్నేళ్ళలో ఎన్నడూ పెట్టుకోని అడ్డం. చూస్తే జాలేసేది. జాలేసిందని నేర్పడం మానలేదు.

ఒకరోజు సాయంత్రం టీ తాగాక, నా మొహంలోకి చూస్తూ చాలాసేపు తంటాలు పడి, "చె... ప్పు" అన్నాడు. పాఠం అప్పజెప్పినట్టే అన్నాడు, నాకు తెలుసు. ఆడపడుచు చప్పట్లు కొట్టింది.

నేను కుర్చీ ఆయనకెదురుగా జరుపుకున్నాను.

"సోమవారం నుంచి షాపుకి వెళ్తున్నాను. పొద్దున పూట మీ దగ్గర మీ చెల్లెలుంటుంది. తనకింకా చెప్పలేదు, ఇదే చెప్పడం."

చప్పట్లు ఆగిపోయాయి. వదినా, అని ఆమె ఏదో అనబోయింది. నేను ఆయన్నే చూస్తున్నాను.

"అది మొదటిది. ఇంకా చాలా ఉన్నాయి. వినండి."