పక్క సీట్లో ఫెర్గల్

మా తమ్ముడు ఫెర్గల్ పేరెత్తితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. కారు గుద్దినందుకు కాదు. ఆ మాటకొస్తే గుద్దింది వాడు కాదు. వాడి కూతురు డెర్వ్లా, పంతొమ్మిదేళ్ళది, లెర్నర్ పర్మిట్ మీద ఒంటరిగా నడుపుతూ గుద్దింది. చట్టప్రకారం లైసెన్సున్న మనిషిగా పక్కన కూర్చోవలసిన తండ్రిగారు ఆ సమయానికి ఫుట్‌బాల్ మైదానం గట్టున నిలబడి రిఫరీని తిడుతున్నారు.

ఆ ఆదివారం మా ఊరికీ పక్క ఊరికీ మ్యాచ్. ఫెర్గల్ మైదానం దాకా బుద్ధిగా పిల్ల పక్కనే కూర్చుని వచ్చాడు. గేటు దగ్గర దిగిపోయాడు. "ఇంటికెళ్ళి దూడలకి పాలు పట్టు. మూడు మైళ్ళేగా, నీకు తెలియని రోడ్డా," అన్నాడట. సన్నగా వాన పడుతోంది. చర్చి మలుపులో మా ఊరి ముసలాయన మ్యాటీ సైకిల్ మీద వస్తున్నాడు, హ్యాండిల్‌కి బ్రెడ్డు సంచీ తగిలించుకుని. పిల్ల మలుపు వెడల్పుగా తీసుకుంది. బ్రేకు తొక్కేసరికి కారు జారి సైకిల్‌ని గుద్దింది.

మా రాస్‌కామన్ జిల్లా పల్లెల్లో ఒక అలవాటుంది. లెర్నర్ పిల్లలు ఎక్కడన్నా గుద్దితే, పోలీసు వచ్చేలోగా లైసెన్సున్న వాళ్ళెవరో ఒకరు వచ్చి పక్క సీట్లో కూర్చుంటారు. ఎవరి ఇంటి ముందు గుద్దితే వాళ్ళు. ఏప్రాన్‌తోనే వచ్చి కూర్చున్న ఆడవాళ్ళున్నారు. ఈ ఫెర్గల్‌గాడే పద్దెనిమిదేళ్ళప్పుడు పాల వ్యాను గుద్దితే, మా అమ్మ చేతికి పిండితో పరిగెత్తి వెళ్ళి కూర్చుంది. ఎవరూ తప్పనుకోరు. అడిగితే ఎవరూ ఏమీ చూడలేదంటారు.

అందుకే ఆ రోజు నేను చర్చి దగ్గరికి వెళ్ళేసరికి, ఫెర్గల్ బెల్టు పెట్టుకుని పక్క సీట్లో బొమ్మలా కూర్చుని ఉంటే నాకేమీ అనిపించలేదు. మైదానం నుంచి ఎవరో తెచ్చి దింపారని అర్థమైంది. మ్యాటీని అప్పుడే అంబులెన్స్‌లో ఎక్కించారు. డెర్వ్లా స్టీరింగ్ ముందు కూర్చుని ఉంది. ఫెర్గల్ పోలీసుతో, "నేను పక్కనే ఉన్నానండీ, అంతా రెప్పపాటులో అయిపోయింది," అంటున్నాడు. నేను నోరు మూసుకుని నిలబడ్డాను.

అసలు గొడవ తర్వాత మొదలైంది. మ్యాటీకి తుంటి ఎముక విరిగింది. వెనకా ముందూ ఎవరూ లేని మనిషి, డెబ్బై దాటాడు. ఆయన ఇంట్లో స్నానాలగది, పడకగది అన్నీ మేడ మీదే. కింద గదీ, స్నానాలగదీ కట్టిస్తే తప్ప ఇంటికి పంపం, వృద్ధుల ఆశ్రమానికి వెళ్ళాల్సిందే అన్నారు ఆసుపత్రివాళ్ళు. అవి కట్టించాలంటే ఇన్సూరెన్సు కంపెనీ ఇచ్చే డబ్బే దిక్కు.

ఆ కంపెనీ నుంచి విచారణకి మనిషి వస్తున్నారని తెలిసిన రోజు ఫెర్గల్ నన్ను పిలిచాడు. టీ పోశాడు. వాడు నాకు టీ పోశాడంటే ఏదో అవసరం పడిందన్నమాట.

"అక్కా, చిన్న సాయం. పక్కనే ఉండి ఆ పిల్లని ఎందుకు ఆపలేదని కంపెనీవాళ్ళు ఫోన్ చేసి అడిగారు."

"అడగరా మరి? ఏం చెప్పావు?"

"మ్యాటీయే తూలుతూ వచ్చి కారు కింద పడ్డాడని చెప్పా. తాగున్నాడని."

నా చేతిలో కప్పు కింద పెట్టేశాను. "ఎవరు? మ్యాటీయా?"

"నువ్వు స్కూలు బస్సు నడుపుతావు, రోజూ ఆ రోడ్డు మీదే వెళ్తావు. నీ మాటంటే విలువ. మ్యాటీ సైకిల్ ఎప్పుడూ అటూ ఇటూ పోతుంటుందని ఒక్క ముక్క చెప్పు చాలు. తాగాడని నువ్వు అనక్కర్లేదు, అది నేను చూసుకుంటా."

"ఆ మనిషి కోటుకి మద్యం ముట్టనని ఒట్టేసిన బిళ్ళ పెట్టుకుని తిరుగుతాడ్రా. పన్నెండేళ్ళప్పుడు పెట్టుకున్నాడు, ఇంతవరకూ తియ్యలేదు. నీ పెళ్ళిలో కూడా నారింజరసం తాగాడు."

"ఆ వచ్చేవాళ్ళకి అదంతా తెలుసా ఏంటి? తప్పు తనదైతే తనకిచ్చేది కొంత తగ్గుతుంది, అంతేగా. నేను పక్కన లేనని తేలితే నా కొంప మునుగుతుంది."

"కొంత తగ్గితే ఆయన ఇంటికి రాలేడు."

"ఆశ్రమంలో వేడి వేడిగా భోజనం పెడతారక్కా. ఇక్కడ ఒంటరిగా ఏం ఉద్ధరిస్తున్నాడని."

అక్కడే కూర్చుంటే ఆ టీ వాడి నెత్తిన పోసేదాన్ని. లేచి బయటికొచ్చేశాను. డెర్వ్లా పెరట్లో నిలబడి ఉంది. అంతా వింది. "అత్తా, నన్ను మ్యాటీ తాత దగ్గరికి తీసుకెళ్ళు," అంది. వాళ్ళమ్మ పోయినప్పటి నుంచి ఆ పిల్ల నన్ను ఏదీ అడగలేదు. అదే మొదటిసారి.

ఆసుపత్రిలో మ్యాటీ కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. డెర్వ్లా మంచం కాడ నిలబడి ఏడుపు ఆపుకోలేకపోయింది.

"ఊరుకో తల్లీ, ఊరుకో. రోడ్డు తడిగా ఉంది. నాకు మాత్రం తెలీదా," అన్నాడు మ్యాటీ.

"మ్యాటీ, నిన్ను తాగుబోతని రాయిస్తున్నాడు మా వాడు," అన్నాను. దాచి ఏం లాభం.

ఆసుపత్రి గౌను మీద బిళ్ళ లేదు కదా, ఆయన చెయ్యి దాని చోటికి వెళ్ళి వెతుక్కుంది. "ఫెర్గల్ భయపడ్డాడు. భయంలో మనిషి ఏదో ఒకటి అంటాడు. నేను మాత్రం ఇరుగుపొరుగు మీద ఏమీ చెప్పనమ్మాయ్. మళ్ళీ అదే రోడ్డు మీద బతకాలి."

"నాన్నని నువ్వు చూశావుగా తాతా," అంది డెర్వ్లా.

"చూశాలే. బూట్లు చూశా. నా తల పక్క నుంచే వెళ్ళాయి." నా వైపు తిరిగాడు. "ఈ పిల్ల నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి పట్టుకునుంది. తన కోటు తీసి నా మీద కప్పింది. వాళ్ళ నాన్న సీట్లో కూర్చుని కేకేస్తే వెళ్ళింది. ఏం చేస్తుంది మరి. దాని తప్పు లేదు."

తిరిగి వచ్చేటప్పుడు చర్చి మలుపు దగ్గర కారు బాగా నెమ్మది చేశాను.

కంపెనీ నుంచి వచ్చినామె వయసులో చిన్నది, మర్యాదస్తురాలు. ఫెర్గల్ వంటింటి బల్ల దగ్గర మా ముగ్గురి ఎదురుగా కూర్చుంది. ఫెర్గల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని పాఠం అప్పజెప్పాడు. పక్కనే ఉన్నాడట, బ్రేకు తొక్కమన్నాడట, ముసలాయన తూలాడట. ఆమె అంతా విని, "మీరు పక్కన లేరని తర్వాత తేలితే ఏమవుతుందో తెలుసు కదండీ," అంది. "మ్యాటీగారికి కంపెనీ ఎలాగూ కడుతుంది. కట్టినదంతా తర్వాత మీ దగ్గర రాబట్టుకుంటుంది. మీ కారుకి మాత్రం ఏమీ రాదు. ఒంటరిగా పంపినందుకు కేసు మీ మీదా, మీ అమ్మాయి మీదా ఉంటుంది. అబద్ధం చెప్పినందుకు ఇంకోటి."

"తెలుసండీ," అన్నాడు ఫెర్గల్, నా వైపు చూస్తూ.

ఆమె కూడా నా వైపు తిరిగింది. నేను నోరు తెరిచేలోగా డెర్వ్లా లేచి నిలబడింది.

"నేనొక్కదాన్నే ఉన్నానండీ. నాన్న మ్యాచ్‌లో ఉన్నాడు. నేను ఫోన్ చేస్తే వచ్చాడు, ఎవరో మలుపు అవతల దింపి పోయారు. తాత రోడ్డు మీద పడి మూలుగుతున్నాడు. నాన్న ఆయన్ని దాటుకుని వెళ్ళి సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. నన్ను కూడా రమ్మన్నాడు. నేను తాత చెయ్యి వదిలేసి వెళ్ళాను." వాళ్ళ నాన్న వైపు చూడకుండా చెప్పుకుపోయింది. "అంబులెన్స్ వచ్చేదాకా ఆయన ఒక్కడే ఉన్నాడు. మేమిద్దరం కారులో వెచ్చగా కూర్చున్నాం. తాత తాగలేదు. నా మీద ఏ కేసు పెట్టుకున్నా పెట్టుకోండి."

"నోర్మూసుకో," అన్నాడు ఫెర్గల్. తర్వాత నన్ను చూశాడు. "అక్కా, దానికి మతి పోయింది. నువ్వు చెప్పు."

"అది చెప్పిందంతా నిజం," అన్నాను కంపెనీ ఆమెతో. "ఆ రోడ్డు మీద మ్యాటీ అంత తిన్నగా సైకిల్ తొక్కే మనిషిని నేను చూడలేదు. రాసుకోండి."

ఆమె రాసుకుంది. వెళ్ళేముందు డెర్వ్లా భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయింది.

ఆమె కారు గేటు దాటగానే ఫెర్గల్ బల్ల మీద గుద్దాడు. "కింది పొలం అమ్ముకోవాలి నేను. సొంత అక్కవై ఉండి. మన అమ్మ నాకోసం కూర్చోలేదా? నువ్వైతే ఆ మాత్రం చెయ్యలేవా?"

"అమ్మ కూర్చున్న రోజు రోడ్డు మీద ఎవరూ పడి లేరురా," అన్నాను. "ఆ రోజు నువ్వు ఒక్క నిమిషం ఆగి మ్యాటీ చెయ్యి పట్టుకుని ఉంటే, ఇవాళ నీ కోసం ఎంత అబద్ధమైనా ఆడేదాన్ని."

డెర్వ్లా అప్పటికే తలుపు దగ్గర నా కోటు పట్టుకుని నిలబడి ఉంది, తన సంచీ భుజాన వేసుకుని.