కంప్యూటరుకి బొట్టు

నీలవేణి ఇంట్లో కంప్యూటర్ ఆన్ చెయ్యడమంటే పొయ్యి మీద కందిపప్పు పెట్టడం లాంటిదే. స్విచ్చి నొక్కి ఆమె గిన్నెలు తోముకునేది, కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకునేది, అత్తగారికి టీ ఇచ్చేది. ఇవన్నీ అయ్యాక తెర మీద బొమ్మ కనబడితే ఆ రోజు అదృష్టమే. ఒక్కోసారి సగందాకా వచ్చి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ మొదటికి పోయేది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పాత సామాను లేని క్వార్టర్ ఉండదు గానీ, ఆ సామానునే నమ్ముకుని బతికేవాళ్ళు తక్కువ. ఆ తక్కువమందిలో నీలవేణి ఒకతె.

ఆమె పని పెళ్ళి ఆల్బమ్‌లు తయారుచెయ్యడం. బుధవారీ బజార్‌లో స్టూడియో నడిపే వేణుగోపాల్ వేలకొద్దీ ఫోటోలు ఇస్తాడు. వాటిలో మంచివి ఏరి, పేజీల్లో పేర్చి, పెళ్ళికూతురి ముఖాన చెమట తుడిచి, ఫోటోగ్రాఫర్‌కి అడ్డొచ్చిన మేనమామ మోచేతిని మాయం చేసి ఇవ్వడం ఆమె వంతు. చెయ్యి తిరిగిన మనిషి. చిక్కల్లా కంప్యూటర్‌తోనే. వరసగా మూడు ఆల్బమ్‌లు ఆలస్యమయ్యేసరికి వేణుగోపాల్ మొహమాటం వదిలేశాడు.

"నీ చెయ్యి మంచిదేనమ్మా, నీ డబ్బాయే మంచిది కాదు" అన్నాడు. "ఈ పెళ్ళిది విశ్వకర్మ పూజ సాయంత్రానికి నాకు అందాలి. అందకపోతే మిగిలిన పెళ్ళిళ్ళన్నీ రాయ్‌పూర్ పంపించేస్తాను. తర్వాత చెప్పలేదనకు."

నీలవేణి మొగుడు గిరిబాబు గూడ్స్ బళ్ళు నడుపుతాడు. ఇంట్లో కన్నా కట్నీ లైను మీద ఎక్కువ కనబడే మనిషి. విషయం ఫోన్‌లో చెప్తే, "దీపావళికి కొత్తది కొనుక్కుందాంలే" అన్నాడు. ఏ దీపావళో చెప్పలేదు. ఇంక అతనితో పెట్టుకుంటే లాభం లేదని నీలవేణి ఓంకార్‌కి కబురు చేసింది.

ఓంకార్‌కి కుదుదండ్‌లో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉంది. బ్యాంకు ఉద్యోగం మీద ఇక్కడికొచ్చిన తెలుగువాళ్ళ అబ్బాయి, ముప్పై దాటినవాడు. సగం తెలుగు, సగం హిందీ. పెట్టె పక్క రేకు ఊడదీసి, లోపల టార్చి వేసి చూశాడు.

"ప్రాణం ఉంది అక్కా. హార్డ్ డిస్క్ ముసలిదైపోయింది, అంతే. దాని బదులు ఎస్‌ఎస్‌డి వేద్దాం. ర్యామ్ పెంచుదాం. ఫిర్ దేఖ్‌నా, గాడీ పరుగే పరుగు."

పాత డిస్కులో పళ్ళెం గిర్రున తిరుగుతూ వెతుక్కోవాలనీ, కొత్తదానిలో తిరిగేదేమీ లేదు కాబట్టి అడిగిన వెంటనే ఇచ్చేస్తుందనీ చెప్పాడు. చెబుతూనే పెట్టె అడుగు నుంచి గుప్పెడు బియ్యపు గింజలు తీసి అరచేతిలో చూపించాడు. పసుపుపచ్చగా ఉన్నాయి.

"అక్కా, లోపల చూహా, అదే ఎలక, కాపురం పెట్టినట్టుంది. చావల్ కూడా దాచుకుంది."

నీలవేణి నవ్వింది. వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న అత్తగారు మంగాయమ్మ మాత్రం నవ్వలేదు.

ఓంకార్ బ్లోయర్‌తో పైపైన దుమ్ము ఊది, కొత్త భాగాలు బిగించి వెళ్ళాడు. ఆ సాయంత్రం స్విచ్చి నొక్కి నీలవేణి అలవాటు కొద్దీ గిన్నెల దగ్గరికి నడవబోతే, రెండడుగులు వేసేలోపే తెర సిద్ధంగా ఉంది. ఆమెకి పట్టరాని సంతోషం కలిగింది. రెండు రోజులు వంచిన తల ఎత్తకుండా పేజీలన్నీ పేర్చేసింది. ఇంక అన్ని పేజీలనీ ప్రింటుకు వీలుగా పెద్ద బొమ్మలుగా మార్చడమే మిగిలింది. అది కంప్యూటర్ తనంతట తాను చేసుకోవాల్సిన పని. పూజకి ముందురోజు పొద్దున్నే ఆ బటన్ నొక్కి ఊపిరి పీల్చుకుంది.

ఎనిమిదో పేజీ దగ్గర కంప్యూటర్ ఠక్కున ఆగిపోయింది. మళ్ళీ పెడితే మళ్ళీ ఆగింది. మూడోసారి ఐదో పేజీ దాకా కూడా రాలేదు. ఓంకార్‌కి ఫోన్ చేస్తే అతను కోర్బాలో ఉన్నాడు. "మదర్‌బోర్డ్ పోయుంటుంది అక్కా. పాతదానికి బోర్డు దొరకదు. కొత్తది తీసుకోవడమే" అన్నాడు.

కొత్తది కొనేలోపు వేణుగోపాల్ పెళ్ళిళ్ళు రాయ్‌పూర్ చేరిపోతాయి. నీలవేణి పెట్టె మీద చెయ్యి వేసింది. దోసెల పెనంలా ఉంది. ఆ వేడికి లోపలి నుంచి ఏదో వాసన వస్తోంది. కాలిన వైరు వాసన కాదు, ఎరిగిన వాసనే. స్క్రూడ్రైవర్ తెచ్చి, కరెంటు తీసేసి, పక్క రేకు ఊడదీసింది. మధ్యలో ఉన్న చిన్న ఫ్యాన్‌ని క్లిప్పులు నొక్కి పైకి లేపింది.

ఫ్యాన్ కింద వేడిని బయటికి పంపే సన్నటి రేకులు ఉంటాయి. ఆ రేకుల సందులు ఒక్కటీ కనబడలేదు. వాటి మీద ఎర్రటి చాప పరిచినట్టు దళసరిగా ఏదో అట్టకట్టుకుపోయి ఉంది. గోటితో గీకితే పెచ్చులా లేచింది. దుమ్ము, కర్పూరం మసి, పసుపు, కుంకుమ. అన్నీ కలిసి ముద్దయిపోయాయి. ఎలకలు పసుపు కలిపిన అక్షింతలు దాచుకోవని అప్పుడు తట్టింది నీలవేణికి.

ఈ కంప్యూటర్ కొన్నది మామగారు ఎర్రయ్య. లోకో షెడ్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరైన మనిషి. కొడుకు చదువుకోసమని కొన్నాడు. కొడుకు దాని మీద చదివింది తక్కువ, కారు పందాలు ఆడింది ఎక్కువ. తర్వాత దుప్పటి కప్పుకుని మూల కూర్చున్న కంప్యూటర్‌ని కొత్తగా కాపురానికొచ్చిన నీలవేణి ముందు పెట్టింది మంగాయమ్మే. "నీకొచ్చు కదా, నువ్వు నడుపు. ఊరికే నిలబెడితే ఇంజనుకైనా తుప్పే" అంది.

ఏటా విశ్వకర్మ పూజ నాడు షెడ్డు గేట్లు పనివాళ్ళ ఇళ్ళవాళ్ళందరికీ తెరుస్తారు. బంతిపూల దండలు వేసుకుని, నుదుట బొట్లు పెట్టించుకుని ఇంజన్లు పెళ్ళికొడుకుల్లా నిలబడి ఉంటాయి. మంగాయమ్మ కొత్త పెళ్ళికూతురిగా ఉన్నప్పటి నుంచీ చూసింది ఆ ముచ్చట. అందుకే ఆ రోజు ఇంట్లో కుట్టుమిషన్‌కీ, సైకిల్‌కీ, మిక్సీకీ బొట్టు పెట్టేది. కంప్యూటర్ వచ్చాక దానికీ పెట్టింది. ఏడాదికోసారి పెట్టినన్నాళ్ళూ దానికేమీ కాలేదు. ఎర్రయ్య పోయాక అది ప్రతి శుక్రవారమూ అయింది. పెట్టె నెత్తిన గాలి పోయేందుకున్న జాలీ మీద కుంకుమ, గుప్పెడు అక్షింతలు, పక్కన కర్పూరం. ఆయన కొన్న వస్తువు కదా, ఆవిడ తృప్తి ఆవిడదని ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. కంప్యూటర్ మొరాయించడం మొదలయ్యాక కూడా, "మావ సెయ్యి లేక దిగులెట్టుకుందే" అని మంగాయమ్మ అంటే అవునేమో అనుకున్నారు.

నీలవేణికి ముందు నవ్వొచ్చింది. వెంటనే ఒళ్ళు మండింది. ఆలస్యమైన ఆల్బమ్‌లూ, వేణుగోపాల్ మాటలూ, ఓంకార్‌కి పోసిన డబ్బూ అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఆ ఎర్ర పెచ్చుల్ని పాత పేపర్‌లో వేసుకుని వరండాలోకి వచ్చింది. మంగాయమ్మ రేపటి పూజకి బంతిపూలు గుచ్చుతోంది.

"అత్తా, ఇదేటో సూడు."

మంగాయమ్మ వంగి చూసింది. వేలితో తాకి ముక్కు దగ్గర పెట్టుకుంది. "నా కుంకమే. ఎక్కడిదే?"

"కంప్యూటర్ లోపల్ది. అది గాలి లాక్కుని సల్లబడాలత్తా. గాలితోటి ఇదీ లోపలికెళ్ళి అడ్డం పడిపోయింది. వేడెక్కి ఆగిపోతంది."

"అంటే ఇన్నాళ్ళూ దాన్ని పాడుసేసింది నానేనేటి?"

కాదని అబద్ధం చెప్పేంత ఓపిక నీలవేణికి ఆ పూట లేదు. "అవునత్తా" అంది. "ఇకమీద దానికి పూజలొద్దు."

మంగాయమ్మ చేతిలో సూది ఆగింది. "సరే" అంది. ఇంకో బంతిపువ్వు గుచ్చి, దాని వైపే చూస్తూ చెప్పింది. "పోయినేడు శ్రావణంలో చిన్నతల్లి బరిణె జరిపీసింది కదా. ఈ డబ్బా ఒక్కటీ నా సేతికి దూరం జరగలేదే. అందుకే ఎట్టీదాన్ని."

నీలవేణికి ఆ రోజు గుర్తుంది. పక్క క్వార్టర్ చిన్నతల్లి ఇంట్లో పేరంటం. తెల్లవారుజాము నుంచీ పులిహోర కలిపింది, శనగలు నానబోసింది, ఆకులు కడిగింది అంతా మంగాయమ్మే. ముత్తైదువలు వరసగా కూర్చున్నాక, ఎన్నో ఏళ్ళ అలవాటు కొద్దీ కుంకుమ బరిణె కోసం చెయ్యి చాపింది. చిన్నతల్లి దాన్ని మెల్లిగా ఇవతలికి లాక్కుని, "నువ్ కూకో అక్కా, పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నావు" అంది. ఎంతో మర్యాదగా అంది. మొగుడు పోయిన మనిషి చేతి బొట్టు ఎవరూ పెట్టించుకోరని అక్కడున్న అందరికీ తెలుసు, మంగాయమ్మకీ తెలుసు. ఇంటికొచ్చి పులిహోరలో ఉప్పు తగ్గిందంది, అంతే.

శుక్రవారం పూజలు మామగారి కోసమని ఇన్నాళ్ళూ అనుకుంది నీలవేణి. ఒక మనిషి చేతికి బొట్టు పెట్టే అలవాటు పోక, కాదనని నుదురు వెతుక్కుందని ఇప్పుడు తెలిసింది. కోపం ఎటు పోయిందో పోయింది. దాని చోట సిగ్గు వచ్చి కూర్చుంది. పేపర్ మడతపెట్టబోయింది.

"ఉండు" అంది మంగాయమ్మ. "అది కడిగితే మళ్ళీ నడుస్తాదేటి?"

"నడవొచ్చు. నీళ్ళతో కాదు, బ్రష్‌తో."

"మరయితే పద. షెడ్డులో పూజకి ముందు రెండ్రోజులు ఇంజన్లు రుద్ది రుద్ది కడిగీవోరంట. ఆ రెండ్రోజులూ మీ మావ నల్లగా బొగ్గులాగ వొచ్చీవోడు. బట్టలుతికీసి తిట్టుకునీదాన్ని గానీ, ఎందుకని అడగలేదు. మాకు గేటు తీసీది మూడోనాడు. అప్పటికి దండలేసీసి ఉండీవి. నానదే సూసినాను, అదే నేర్సుకున్నాను."

ఇద్దరూ కంప్యూటర్ ముందు చతికిలబడ్డారు. పాత టూత్‌బ్రష్ మంగాయమ్మ తీసుకుంది, సైకిల్ పంపు నీలవేణి పట్టుకుంది. ఒకరు రేకుల మధ్య గీకడం, ఒకరు గాలి కొట్టి ఊదడం. ఎర్రటి పొడి లేచి ఇద్దరి ముక్కుల్లోకీ పోయింది, తుమ్ముకుంటూనే చేశారు. ఏ సందులోంచో ఎండిపోయిన బంతిపూరేక ఒకటి బయటపడితే మంగాయమ్మకే నవ్వాగలేదు. మంగళవారం సంతలో చేపలు బేరమాడే ఓపికతో ఆవిడ ఒక్కో సందూ రుద్దింది. చివరికి రేకులు తళతళలాడుతూ కనబడ్డాయి.

ఫ్యాన్ బిగించి స్విచ్చి వేసి, నీలవేణి మళ్ళీ మొదటి పేజీ నుంచి పెట్టింది. ఎనిమిదో పేజీ దాటింది. పెట్టె మీద చెయ్యి వేసి చూస్తే గోరువెచ్చగా ఉందంతే. మదర్‌బోర్డుకి జబ్బేమీ లేదు. ఇంతలో కాలనీలో కరెంటు పోయింది. అది రాత్రంతా రాలేదు, ఇంకా సగం పని మిగిలే ఉంది.

తెల్లవారితే విశ్వకర్మ పూజ. ఆ రోజు పనిముట్టు ముట్టుకోకూడదు. ఎర్రయ్య ఉన్నన్నాళ్ళూ ఇంట్లో మిక్సీ కూడా తిరిగేది కాదు. పొద్దున్నే నీలవేణి కంప్యూటర్ ముందు నిలబడి స్విచ్చి వైపు, అత్తగారి వైపు మార్చి మార్చి చూసింది.

"అలా సూస్తావేటి, నడుపు" అంది మంగాయమ్మ. "పూజ రోజని బళ్ళాపీసినారేటి ఎప్పుడైనా? షెడ్డులో ఉన్నవి ఆగుతాయి. లైను మీదున్నవి ఆగవు."

మధ్యాహ్నం దాటాక ఆఖరి పేజీ కూడా అయింది. నీలవేణి ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తుంటే మంగాయమ్మ పళ్ళెం పట్టుకుని వచ్చింది. కుట్టుమిషన్‌కి పెట్టింది, సైకిల్‌కి పెట్టింది. కంప్యూటర్ దగ్గరికి వచ్చి ఆగిపోయింది. కుంకుమలో ముంచిన వేలు అలాగే గాల్లో ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియని చెయ్యి ఎంత దిక్కులేకుండా కనిపిస్తుందో నీలవేణి మొదటిసారి చూసింది.

ఆమె తన నుదుటి మీది స్టిక్కర్ బొట్టు తీసి టేబుల్ అంచుకి అంటించింది. కుర్చీ ఇటు తిప్పింది.

"ఇక్కడెట్టు."

మంగాయమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "నానెట్టకూడదే. నీకేటైనా అయితే?"

"ఇన్నేళ్ళూ దానికెట్టినావు కదా, దానికేటయింది? కాస్త ఆయాసమొచ్చింది. కడిగితే పోయింది" అంది నీలవేణి. "టైమైపోతంది అత్తా, ఆ వేణుగోపాల్ తిడతాడు. తొరగా ఎట్టు."

మంగాయమ్మ పెట్టింది. బొట్టు రూపాయి బిళ్ళంత అయి కొంచెం పక్కకి జరిగింది. సరిచెయ్యబోతే నీలవేణి ఉంచెయ్యమని తల ఊపి, పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని స్కూటీ తాళం అందుకుంది.

గేటు దగ్గర చిన్నతల్లి ముగ్గుకి నీళ్ళు జల్లుతోంది. తలెత్తి చూసి, "అచ్ఛా, పూజయిపోనాదేటి? బొట్టు అంతుంది, ఎవలెట్టినారు?" అని అడిగింది.

"మా అత్త" అని చెప్పి నీలవేణి స్కూటీ స్టార్ట్ చేసింది.