మళ్ళీ మొదటి నుంచి

కరుణాకుమారి అయిదోసారి అదే వరుస టైపు చేసి ఎంటర్ నొక్కింది. నల్లటి తెర మీద నాలుగు వరుసలు ఒకదాని కింద ఒకటి తీరిగ్గా దిగాయి. నాలుగింటికీ ఒకటే మాట: జవాబు లేదు. ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. ఎడమవైపు విరిగిన చోట తెల్లదారం చుట్టి ఉంది. గోడ గడియారం పదకొండుంబావు చూపిస్తోంది.

"ఏందక్కా, లేచిందా?" అంటూ మేనేజరు కమలాకర్ తలుపు సందులోంచి తల పెట్టాడు.

"లేవడానికి అదేం పడుకోలేదు కమలాకర్. లేచే ఉంది. దానికి దారి దొరకట్లేదు."

"గట్లంటే ఎట్ల? నాలుగింటికి మిక్సింగ్. డైరెక్టర్ సార్ పొద్దుగాల్నుంచి రెండుసార్లు ఫోన్ చేసిండు. అయితదా, కాదా, జర ఒక్క మాట చెప్పు. నేనైతే అరవింద్‌ను రమ్మన్న."

ఆమె తల తిప్పలేదు. "నాలుగు దాకా ఆగు" అంది.

ఫిల్మ్‌నగర్‌లో పెద్ద రోడ్డు నుంచి పల్లానికి దిగే సందులో, ఒక మేడ కింద ఉంటుంది ఆ డబ్బింగ్ స్టూడియో. ఎండ అక్కడికి రాదు. ఏసీ చప్పుడు, గోడలకు కొట్టిన దళసరి గుడ్డ వాసన, కాఫీ మెషీను గురగుర. కరుణాకుమారి ఇరవై ఆరేళ్ళుగా ఆ గాలే పీలుస్తోంది. రేపల్లె దగ్గర పల్లె నుంచి వచ్చినప్పుడు ఆమె పని డైలాగు కాగితాలు టైపు చేయడం. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. బాగుచేసేవాడు వచ్చినప్పుడల్లా పక్కన నిలబడి చూసింది. ఒకరోజు అతను రాలేదు. ఆమే బాగుచేసింది. ఆ రోజు నుంచి అది ఆమె పనైపోయింది. జీతం చీటీ మీద మాత్రం ఇప్పటికీ టైపిస్టు అనే ఉంటుంది.

పోయిన నెలలో స్టూడియోలోని పాత రికార్డింగు కంప్యూటరు పొగ వదిలి ఆగిపోయింది. అందులోని పాత సాఫ్ట్‌వేరు కొత్త మెషీన్ల మీద నడవదు. అందుకని కరుణాకుమారి ఆ పాత కంప్యూటర్ను మొత్తంగా ఒక పెద్ద ఫైలులోకి ఎక్కించి, వేరే కంప్యూటరు లోపల నడిపింది. వర్చువల్ మెషీన్ అంటారు దాన్ని. ఆమె మాత్రం 'లోపలిది' అనేది. బయటి కంప్యూటరు ఇల్లయితే, లోపలిది ఆ ఇంట్లో దిగిన చుట్టం. మొన్న శుక్రవారం ఆ ఇల్లూ ఇరుకైంది. కొత్త కంప్యూటరు వచ్చింది. ఆమె ఫైలును అందులోకి కాపీ చేసింది.

అప్పట్నుంచీ లోపలిది మూగబోయింది.

మేడ మీది గదిలో స్టూడియో గొంతులన్నీ దాచే సర్వరు పెట్టె ఒకటుంది. నెల రోజుల క్రితం వీరరాఘవయ్య తొమ్మిది రోజులు డబ్బింగ్ చెప్పిన తాత పాత్ర మొత్తం అందులోనే ఉంది. పాత సాఫ్ట్‌వేరు తప్ప ఇంకేదీ దాన్ని చదవలేదు. నాలుగు లోపల లోపలిది పెట్టెను చేరుకోకపోతే ఆ గొంతు సినిమాలో ఉండదు. ఇంకో డబ్బింగ్ కళాకారుడు అరవింద్ మొదటి నుంచి చివరి దాకా మళ్ళీ చెప్తాడు. వీరరాఘవయ్య ఇంకోసారి వచ్చి చెప్పే స్థితిలో లేడు. ఎనిమిది రోజులుగా బంజారా హిల్స్‌లో ఒక ఆసుపత్రిలో ముక్కుకు గొట్టంతో ఉన్నాడు.

ఆమె వరుసగా చూసుకుంటూ వచ్చింది. తీగ లాగి మళ్ళీ గుచ్చింది. పచ్చదీపం వెలిగింది. బయటి కంప్యూటర్లో నెట్ వస్తోంది. లోపలిదాంట్లోంచి రూటర్‌ను పిలిస్తే పలికింది. పక్క గది ప్రింటరు పలికింది. పెట్టె ఒక్కటే పలకలేదు.

అప్పుడామె చేతులు కీబోర్డు మీద ఆగాయి. ఆ పెట్టె తెలిసినవాళ్ళకే తలుపు తీస్తుంది. ప్రతి కంప్యూటరు నెట్‌వర్క్ కార్డుకూ పన్నెండు గుర్తుల సంఖ్య ఒకటుంటుంది. అది తన జాబితాలో ఉంటేనే పెట్టె జవాబిస్తుంది. ఆ జాబితా రాసినతను పోయిన నెలలో లోపలిదాని సంఖ్యను అందులో చేర్చి, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకుండానే మానేసి పోయాడు, ఇప్పుడు ఫోనుకూ దొరకడు. లోపలిదాని సంఖ్య తీసి చూసింది. ఎప్పుడూ చూడని సంఖ్య.

శుక్రవారం గుర్తొచ్చింది. కొత్త కంప్యూటర్లో ఫైలు తెరవగానే తెర మీద ఒక ప్రశ్న వచ్చింది: దీన్ని ఇక్కడికి మార్చారా, కాపీ చేశారా? కాపీ చేశాను అని నొక్కింది. చేసింది అదే కదా. కాపీ అనగానే అది దానికి కొత్త సంఖ్య ఇచ్చేసింది. నిజం చెప్పినందుకు ఇంత అవుతుందని ఆమె అనుకోలేదు.

పాత సంఖ్య ఉన్న కాగితం, శుక్రవారం దాకా లోపలిది నడిచిన కంప్యూటరు డబ్బా మీదే అంటించి ఉంది. ఆ డబ్బాను శనివారం షాపువాడు ఎక్స్‌ఛేంజికి తీసుకుపోయాడు. సినిమా బయటికి పొక్కకూడదని, అందులోని డిస్కును పంపే ముందు తనే తుడిచేసింది. షాపుకు ఫోన్ చేసింది. డబ్బా ఎప్పుడో విప్పేశారట.

"అమ్మాయ్, కాఫీ తాగావా?"

కరుణాకుమారి కుర్చీలోంచి సగం లేచింది. వీరరాఘవయ్య గొంతు. కాస్త జీర, చివర్లో చిన్న గాలి. తలుపు దగ్గర అరవింద్ నిలబడి ఉన్నాడు. ముప్ఫై దాటని మనిషి, చేతిలో హెల్మెట్. ఆమె ముఖం చూడగానే అతని నవ్వు ఆగిపోయింది.

"సారీ మేడం. కారులో వస్తూ ప్రాక్టీసు చేశానండీ. అలా వచ్చేసింది."

"హెల్మెట్ పెట్టుకుని కారులో వచ్చావా?"

"బండేనండీ. కారని చెప్పుకోవడం కూడా ప్రాక్టీసే." గొంతు తగ్గించాడు. "నాకూ బాలేదండీ. నాకు మైకు ముందు నిలబడ్డం నేర్పిందే ఆయన. నేను కాదంటే ఇంకొకణ్ణి పిలుస్తారు. వాడు ఈమాత్రం కూడా చెప్పడు."

అతను బూత్‌లోకి వెళ్ళాడు. అద్దం వెనక అతను మైకు ముందు నిలబడబోయి, కాలికి ఏదో తగిలి కిందికి చూడటం ఆమెకు కనిపించింది. వీరరాఘవయ్య పీట. ఆయన పొట్టి. మైకు దించమని ఒక్కరోజూ అడగలేదు. తర్వాత వచ్చేవాళ్ళు మళ్ళీ పైకెత్తుకోవాలి కదా అనేవాడు. ఇంటి నుంచి టేకు పీట తెచ్చి పెట్టుకున్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళు దాని మీద నిలబడి వాచ్‌మన్లకూ, పోస్ట్‌మన్లకూ, పెళ్ళి గుంపులో కేకలేసేవాళ్ళకూ గొంతిచ్చాడు. పూర్తి పాత్ర దొరకడం ఇదే మొదలు. తాత వేషం వేసిన నటుడికి తెలుగు రాదు. ఆ పెదవులకు మాట తొడిగినవాడు వీరరాఘవయ్య.

అరవింద్ పీటను కాలితో మెల్లగా పక్కకు జరిపాడు.

ఆ పీటను చూస్తూ ఉంటే కరుణాకుమారికి గుర్తొచ్చింది. లోపలిదాన్ని మొదట నడిపిన రోజు ఆమె కళ్ళజోడు విరిగింది. తెర మీది సంఖ్య కనబడలేదు. వంతు కోసం కూర్చున్న వీరరాఘవయ్య, "చెప్తా రాసుకో అంటే అదీ కనబడదు నీకు. నేనే రాస్తా జరుగు" అని తన డైలాగు కాగితం వెనక పెద్ద పెద్ద అక్షరాలతో రాశాడు. దాన్ని చూసి ఆమె ఇంకో కాగితం రాసుకుని డబ్బాకు అంటించింది. ఆయన కాగితం ఆయన తీసుకుపోయాడు. డైలాగు కాగితాలు ఆయన పారేయడు.

రెండూ నలభై. ఫోన్ తీసింది. ఆయన కూతురు సాయిసుధ ఎత్తింది.

"సుధా, నేను కరుణక్కను. నాన్నగారి డైలాగు ఫైలు ఎక్కడుందమ్మా?"

"ఇక్కడే, తల దగ్గర. అది లేందే మంచమెక్కనన్నారు. ఎందుకక్కా?"

చెప్పడానికి సిగ్గేసింది. అయినా చెప్పింది. అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. తర్వాత సన్నగా ఒక గొంతు ఏదో అడగడం, సుధ కసురుకోవడం. "నేను చదువుతాను నాన్నా, మీరు మాట్లాడొద్దన్నారుగా." మళ్ళీ ఆ సన్నగొంతు. ఫోన్ చేతులు మారింది.

"అమ్మాయ్." అరవింద్ చెప్పిన మాటే. కానీ మధ్యలో ఇంత గాలి అతను పెట్టలేదు. "నా కాగితం నేనే చదువుతా. ఇది ఏ క్యారెక్టరు?"

"కంప్యూటరు క్యారెక్టరు బాబాయిగారూ. సుధ చదువుతుంది, ఇవ్వండి."

"రాసుకో." ఒక్క క్షణం ఆగాడు, రికార్డింగు ఎర్రలైటు వెలగడం కోసం ఆగినట్టు. "సున్నా, సున్నా. సున్నా, సి. రెండు, తొమ్మిది. ఏడు..."

దగ్గు వచ్చింది. చాలాసేపు వచ్చింది. ఎవరో పరిగెత్తిన అడుగులు. ఆమె పెన్ను కాగితం మీద అలాగే ఉంది. ఏడు అంకె పక్కన సిరా చుక్క పెద్దదవుతోంది. కమలాకర్ తలుపు దగ్గరికి వచ్చి ఏదో అనబోయి, ఆమె ముఖం చూసి తలుపు మెల్లగా దగ్గరికి వేశాడు.

"బాబాయిగారూ, చాలండీ. మిగతావి సుధ చెప్తుంది."

"మధ్యలోంచి అతికిస్తే తెలిసిపోద్ది" అన్నాడాయన. "మళ్ళీ మొదటి నుంచి తీసుకుందాం."

తీసుకున్నాడు. సున్నా, సున్నా. సున్నా, సి. రెండు, తొమ్మిది. ఏడు, బి. నాలుగు, ఇ. డి, ఒకటి. ప్రతి జంటకూ ముందు చిన్న ఊపిరి. చివరి ఒకటిని కాస్త దించి ముగించాడు.

"ఓకేనా?"

"ఓకే బాబాయిగారూ."

కరుణాకుమారి లోపలిదాన్ని ఆపి, కొత్త సంఖ్య తీసేసి, ఆ పన్నెండూ ఒక్కొక్కటే కొట్టింది. మళ్ళీ నడిపింది. పాత కంప్యూటరు లేచే తీరు ఆమెకు తెలుసు. మూడు నిమిషాలు పడుతుంది. వెనక కమలాకర్, అతని వెనక అరవింద్. నల్లటి తెర తెరిచి అదే వరుస టైపు చేసింది. మొదటి వరుస: జవాబు లేదు. రెండోది కూడా లేదు. కమలాకర్ ఊపిరి మెడ మీద తగిలింది. మూడో వరుసలో పెట్టె పలికింది. నాలుగో వరుసలోనూ పలికింది.

"అబ్బ" అన్నాడు కమలాకర్. "అక్కా, పానం తీసినవ్ పో." ఫోన్ చెవికి పెట్టుకుని బయటికి పరిగెత్తాడు.

అరవింద్ హెల్మెట్ తీసుకున్నాడు. "ఇవాళ పని పోయినందుకు పార్టీ ఇవ్వాలండీ నేను" అన్నాడు. మళ్ళీ ఏమనుకున్నాడో బూత్‌లోకి వెళ్ళి, ఒక నిమిషం ఉండి వచ్చాడు.

నాలుగున్నరకు మిక్సింగ్ గదిలో తాత మాట్లాడుతున్నాడు. కరుణాకుమారి తలుపు పక్కన నిలబడి పొద్దుటి టిఫిను డబ్బా అప్పుడు తెరిచింది. అన్నం గట్టిపడింది. స్పీకర్లలోంచి, "తలుపు దగ్గరగా వేసుకో తల్లీ, చలిగాలొస్తోంది" అన్నాడు వీరరాఘవయ్య. ఇంజినీరు వెనక్కి తిప్పి మళ్ళీ వినిపించాడు. చలిగాలొస్తోంది. మళ్ళీ తిప్పాడు.

ఫోన్ మోగింది. సాయిసుధ. ఆమె బయటి మెట్ల మీదికి వచ్చి ఎత్తింది.

"నాన్న వెళ్ళిపోయారక్కా. ఇప్పుడే. మీరు ఫోన్ పెట్టాక అడిగారు, టేకు బాగా వచ్చిందా అని. వచ్చిందన్నాను."

"వచ్చిందమ్మా" అంది కరుణాకుమారి. "ఒక్క టేకులో."

ఆమె లోపలికి వచ్చింది. కొత్త కంప్యూటరు మీద అంటించడానికి ఒక కాగితం తీసి, పన్నెండు గుర్తులూ ఆయన రాసినట్టే పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. తర్వాత డైరీలో కూడా రాసింది. బూత్‌లో లైటు వేసే ఉంది. ఆర్పడానికి వెళ్ళింది.

మైకు ఎప్పటి ఎత్తులోనే ఉంది. దాని కింద, అరవింద్ తిరిగి జరిపిపెట్టిన టేకు పీట ఉంది. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆయన నిలబడ్డందుకు దాని మధ్యన రెండు పాదాల మేర రంగు పోయి, చెక్క నునుపుగా మెరుస్తోంది.