ఐదో మనిషి

"నెస్టా, కాస్త టీ పెట్టకూడదూ. నాలుగో అంశం పెద్దది" అన్నాడు ఎమ్రిస్, కాగితాల మీంచి తల ఎత్తకుండా.

ఎమ్రిస్ ఆ క్రైస్తవ సహాయ సంఘానికి ఛైర్మన్. వేల్స్‌లోని ఆ చిన్న ఊళ్ళో, చాపెల్ వెనక గదిలో, రెండు నెలలకోసారి ట్రస్టీలు కూర్చుంటారు. నెస్టా కూడా ట్రస్టీయే, పదకొండేళ్ళుగా. చట్టం ప్రకారం ఎమ్రిస్‌ది ఎంత బాధ్యతో ఆమెదీ అంతే. టీ మాత్రం ఆమెదే. సమావేశంలో జరిగింది మినిట్స్‌గా రాయడమూ, పొద్దున్నే వెల్ష్ కేకులు కాల్చి తేవడమూ ఆమెదే.

వంటగది గుమ్మం దగ్గర ఆగింది. పెద్ద అంశం ఎప్పుడూ టీ వేళకే వస్తుంది. తను కప్పులు సర్దుతుండగా లోపల ఎమ్రిస్ "ఎవరికైనా అభ్యంతరమా?" అంటాడు. ట్రే పట్టుకుని వచ్చేసరికి "అందరూ ఒప్పుకున్నారు, రాసుకో" అంటాడు. ఆ అందరిలో తనూ ఉన్నట్టు తన చేత్తోనే రాసింది. పోయినసారి కారులో ఈ మాటే అడిగితే, తనూ ట్రస్టీయే అయిన భర్త ఇద్రిస్ "నువ్వు మొదలుపెడితే ఒంటిగంటకైనా తెమలదు. నీ అభిప్రాయం నాకు తెలుసు, నేనున్నాను కదా అక్కడ" అన్నాడు. ఉన్నాడు. చెప్పలేదు.

నాలుగో అంశం ఆఫ్రికాలో, మలావీలోని ఇల్లు. నెలలు నిండిన ఆడవాళ్ళు నొప్పులు మొదలయ్యాక పల్లెలనుంచి అంత దూరం నడవలేరని, ముందే వచ్చి ఉండేందుకు ఆసుపత్రి పక్కన సంఘం కట్టించింది. దాన్ని ఇక్కడినుంచి వెళ్ళే చర్చి అతిథులకు విడిదిగా మార్చాలంటాడు ఎమ్రిస్. ఈ బోర్డులో ఆ ఇల్లు చూసింది నెస్టా ఒక్కతే. ఉన్న పన్నెండు రోజుల్లో తొమ్మిది కాన్పులు చూసింది.

వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుంది. "టీ తర్వాత. ముందు నేను మాట్లాడాలి."

"మాట్లాడమ్మా, ఎవరు కాదన్నారు" అన్నాడు ఇంకో ట్రస్టీ బైనన్. "గొంతు తడుపుకుంటూ వింటాం, అంతే."

నాలుగు నిమిషాలు చెప్పింది. ఎమ్రిస్ రెండుసార్లు వాచీ చూసుకున్నాడు.

"నీ మనసు మంచిది నెస్టా. పాలన మనసుతో జరగదు. ఇద్రిస్, మీ ఆవిడకి నువ్వైనా చెప్పవయ్యా."

"ఓ కప్పు టీ పడితే అదే సర్దుకుంటుంది లెండి" అన్నాడు ఇద్రిస్.

మరో ట్రస్టీ పాస్టర్ హోవెల్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

"ఇక చేతులెత్తుదాం" అన్నాడు ఎమ్రిస్. "నెస్టా, ఈలోగా నువ్వు ఆ టీ..."

సంఘంలో ట్రస్టీలు ఏడుగురు. గదిలో ఐదుగురు లేనిదే ఏ తీర్మానమూ చెల్లదు. ఆ నియమావళిని నిరుడు శుభ్రంగా టైపు చేసింది తనే. ఇవాళ ఇద్దరు రాలేదు. పదకొండేళ్ళలో టీ వేళ ఈ గదిలో ఎవరూ తలలు లెక్కపెట్టలేదు, తనతో సహా.

పెన్ను మూత తీసి మినిట్స్ పుస్తకంలో రాసింది. లేచి నిలబడి చదివింది.

"పదకొండు నలభై రెండు. ఛైర్మన్ కోరిక మీద నెస్టా గది విడిచి వెళ్ళారు. మిగిలినవారు నలుగురు. కోరం లేదు. నాలుగో అంశంపై తీర్మానం జరగలేదు."

"ఏంటే ఇది?" అన్నాడు ఇద్రిస్.

"మినిట్స్. పాత పుస్తకాలూ తీయాలి. టీ వేళ ఎన్ని తీర్మానాలయ్యాయో చూడాలి."

"కూర్చో నెస్టా" అన్నాడు ఎమ్రిస్. ఇప్పుడు తల ఎత్తాడు.

ఆమె కోటు వేసుకుని, పుస్తకం సంచిలో పెట్టుకుంది.

"టీ పొడి ఎడమవైపు అలమరలో ఉంది" అని చెప్పి బయటికి నడిచింది.