వానకొలతలో పాలు

ఆ బుధవారం మధ్యాహ్నం వాన నా వీపు మీద గులకరాళ్లు విసిరినట్టు పడుతోంది. చేతిలో ఫోన్ మాత్రం, పైన ఎర్మెస్ పశువుల కొట్టం దగ్గర వాన సున్నా అంటోంది. సున్నా! దానికి రెండు మలుపుల కింద నేను తడిసి చస్తుంటే!

ఆ అంకె పంపే వానకొలత మిషన్ నేను కొట్లాడి పెట్టించింది. ఎనిమిదేళ్ల కిందట ఇలాంటి వేసవి వానలోనే మా వాగు బురద తోసుకొచ్చి, బస్సు కోసం నిలబడ్డ నా స్నేహితురాలు టిల్దేను మింగేసింది. మైదానం మీది తడి వేడిగాలి మా కొండలకు కొట్టుకుని పైకి లేస్తుంది. పైన గాలి కదలకపోతే మబ్బు ఒకే శిఖరం మీద కూర్చుని ఖాళీ అయ్యేదాకా లేవదు. ఏ శిఖరమో పొద్దున బులెటిన్ రాసేవాళ్లు చెప్పలేరు. 'కొండపాదాల్లో పసుపు హెచ్చరిక' అంటారు, అంతే. మా లోయ శిఖరం చాటున ఉంది, రాడార్‌కు కనబడదు. కాబట్టి పడిన వానను పడినచోటే కొలవాలి. ఐదో తరగతితో ఆగిన రొట్టెల కొట్టుదాన్ని, ఇది నేర్చుకోవడానికి నాకు రెండు చలికాలాలు చాలాయి. ఆఫీసుల్లో నేర్పడానికి నాలుగేళ్లు పట్టింది.

గంటలో ముప్ఫై మిల్లీమీటర్లు దాటితే కింద రోడ్డు మీద గేటు దానంతటదే పడుతుంది. ఆ కొలత స్తంభాన్ని భుజాన మోసి పాతింది ఎర్మెసే. బడిలో నా బల్ల మీదే కూర్చునేవాడు.

పాల లారీ నడిపే నా తమ్ముడు లివియోకి ఫోన్ చేశాను.

"పైకి రాకురా!"

"ఇంకో పావుగంటలో గేటు దగ్గరుంటా. అది తెరిచే ఉందటక్కా. నీ మిషన్ రమ్మంటోంది, నువ్వు వద్దంటున్నావు. ముందు మీ ఇద్దరూ ఒక మాట మీదికి రండి." నవ్వాడు. కొండ మలుపులో ఫోన్ తెగిపోయింది.

పైకి, కొట్టం వైపు పరిగెత్తాను. వానకొలత నోటి మీద పాలక్యాను మూత బోర్లించి ఉంది. ఎగిరిపోకుండా పైన రాయి. చూరు కింద ఎర్మెస్.

"అదేంటి?"

"ముందు లోపలికి రా, తడిసిపోతున్నావు."

"అదేంటని అడుగుతున్నా!"

"రోడ్డు మూస్తే లారీ రాదు. లారీ రాకపోతే పాలు పులుస్తాయి. పోయిన వేసవిలో నాలుగుసార్లు పందులకు పోశాను. నీ మిషన్ వచ్చి నా ఆవుల్ని మేపుతుందా?"

"టిల్దే గుర్తుందా నీకు?"

"టిల్దే పోయి ఎనిమిదేళ్లు. నా ఆవులు ఈ పూటవి."

రాయి తన్నేశాను, మూత లాగేశాను. కానీ ఎంత వానైనా ముప్ఫై నిండడానికి పావుగంట పడుతుంది. ఈపాటికి లివియో గేటు దగ్గరికి వస్తుంటాడు. చూరు కింద నిండు క్యాన్లు. గరిటతో ముంచి వానకొలతలో పోశాను.

"నా పాలు!" ఎర్మెస్ అరిచాడు.

"నీ పాలే!"

ఫోన్‌లో అంకె లేచింది. పది. ఇరవై రెండు. ముప్ఫై ఒకటి. కింద సైరన్ కూసింది. కాసేపటికి వాగు కదిలిన చప్పుడు. గేటుకు ఇవతల రోడ్డు బండరాళ్ల కింద పోయింది.

వాన తగ్గాక రాళ్ల మీద పాక్కుంటూ దిగాను. లివియో లారీలోనే ఉన్నాడు.

"గేటు సరిగ్గా లారీ ముక్కు ముందు పడిందక్కా."

వాడిని వాటేసుకుని మూత సంగతి చెప్పాను. వాడు వైపర్ వంక చూశాడు.

"తెలుసు."

"ఏం తెలుసు?"

"మూత. జూన్ నుంచీ. నాకూ ట్రిప్పు పోతుంది కదా... ఎప్పుడూ ఏమీ కాలేదు."

వాటేసుకున్న చేతులు ఎప్పుడు తీశానో నాకే తెలియదు.

వారం తర్వాత పంచాయతీ హాల్లో మెకానిక్ వానకొలత డబ్బా తెరిచాడు. లోపలంతా విరిగిన పాలు, కంపు.

"ఇందులో పాలు పోసిందెవరు?"

"నేను. మూత పెట్టింది అతను."

"ఏ మూత?" అన్నాడు ఎర్మెస్, కళ్లార్పకుండా. మూత ఎప్పుడో దాని క్యాను మీదికి వెళ్లిపోయింది.

నేను లివియో వంక చూశాను. హాలంతా వాడి వంక చూసింది.

"నేను గేటు దగ్గరున్నా," అన్నాడు. "పైన ఏం జరిగిందో చూడలేదు."

ఒక్క మాటా అబద్ధం కాదు. అంత జాగ్రత్తగా ఏరుకున్నాడు వెధవ.

వానకొలత చెడగొట్టినదానిగా నా పేరు రాసుకున్నారు. డబ్బా తాళంచెవి ఎర్మెస్‌కి ఇచ్చారు.

ఇవాళ మళ్లీ పసుపు హెచ్చరిక. రోడ్డు బాగుచేశారు. చొక్కా ఒంటికి అతుక్కుపోతోంది, మబ్బు మధ్యాహ్నానికే శిఖరం ఎక్కి కూర్చుంది. ఫోన్ చూడలేదు. కొట్టులోంచి స్టూలు తెచ్చి, లేచి ఉన్న గేటు కింద, రోడ్డు మధ్యలో వేసుకుని కూర్చున్నాను.

లారీ వచ్చింది. హారన్ కొట్టాడు. తల బయటపెట్టాడు.

"లే అక్కా. సున్నా చూపిస్తోంది."

మొదటి చినుకులు స్టూలు చుట్టూ పడుతున్నాయి.

"నా మీదనుంచి పోనీ," అన్నాను.