సుభద్ర బదనిక

వర్షాకాల మేఘములు తమ భారమునంతయు కొండలకు సమర్పించి మరలిపోగా శరదారంభ ప్రభాతము సాలూరు పురముపై నిర్మలముగ దిగివచ్చుచుండెను. గిరిశిఖరములయందు చిక్కువడిన మంచుతెరలను బాలభానుని యరుణకిరణములు మెల్లమెల్లగ తొలగించుచుండ, వేగావతీ తీరమున రెల్లుపూలు తెల్లని చామరములై వీచుచుండ, తడిసిన పెంకుటిండ్ల చూరులనుండి కడపటి నీటిబొట్లు రాలుచుండెను. ఇట్లు జగత్తెల్ల ప్రసన్నమై యున్న వేళ పాఠశాలల తనిఖీ యధికారియగు సదాశివరావుగారి యింటి వసారాలో ఆయన భార్య విరజ మాత్రము భయపడుచుండెను.

విరజ ఆయనకు రెండవ భార్య. మొదటి భార్యయగు సుభద్ర విషజ్వరమున గతించెను. గతించినయామె పేర రెండవయామె మెడలో ధరింపవలసిన బంగారు సవతిబిళ్ళ పెండ్లినాటినుండి విరజ మంగళసూత్రములతో వ్రేలాడుచు ఎదను తాకినపుడెల్ల మంచువలె చల్లగ తోచుచుండెను. సుభద్ర విడిచిపోయినది మరియొకటి కలదు. కొండవారివలన సంపాదించి మామిడిమొద్దునకు కట్టి ఆమె వసారా కొక్కెమునకు వ్రేలాడదీసిన ఆర్కిడ్డను పూలమొక్క అది. ఇరుగుపొరుగువారు దానిని బదనిక యందురు. ప్రతి శరత్తున అది ఊదారంగు పూలగుత్తి పూయగా సుభద్ర తల్లి పేరిందేవమ్మ బొబ్బిలినుండి వచ్చి కూతునే చూచినట్లు దానిని చూచి కన్నులు తుడుచుకొని పోవుచుండెను. సదాశివరావు ఉద్యోగకార్యమై కొండసీమకు పోవుచు "అత్తగారు వచ్చువేళకు ఇది పూయవలయును, జాగ్రత్తగ చూడుము" అని మాత్రము చెప్పెను.

మన్ను లేక గాలిలో వ్రేలాడు ఆ తెల్లని వేళ్ళను చూచి విరజ హృదయము కరగెను. దిక్కులేని ప్రాణి ఆకలిగొని యున్నదని తలచి పేడయెరువు కలిపిన నల్లమట్టితో కుండ నింపి, మొక్కను మొద్దునుండి విప్పి వేళ్ళన్నిటిని అందులో కప్పిపెట్టెను. కొన్నాళ్ళకు అడుగుటాకు పసుపువారెను. నీరు చాలలేదేమో యని ఆమె యింకను పోసెను. మరియొక యాకు పసుపువారెను. అంతట ఆమెకు వేరొక తలపు పుట్టెను. ఇది చెట్టు వాడుట కాదు, సుభద్ర కోపము. అది మొదలు ప్రతిదినము స్నానముచేసి తడిబట్టతోడనే కుండకు పసుపుకుంకుమలు పెట్టి చెట్టు నెత్తిపై నీళ్ళును పాలును పోయుచు లోలోపల క్షమింపుమని వేడుకొనుచుండెను. భయము పెరిగినకొలది నీరు పెరిగెను, నీరు పెరిగినకొలది ఆకులు రాలెను. సవతి చెట్టును చూచి యోర్వలేక కావలెనని చంపినదని లోకమనును. లోకమన్నను అననిమ్ము, భర్త ఆ మాట నమ్మినచో ఏమియు ననక ఊరకుండును. ఆ మౌనమునకే విరజ యెక్కువ భయపడుచుండెను.

ఆ యుదయమున నడిమి యాకు ముట్టగనే చేతిలోనికి ఊడివచ్చెను. కుళ్ళువాసన కొట్టెను. అంతలో వాకిట జట్కాబండి నిలిచిన చప్పుడు వినవచ్చెను. విరజ కుండను నీళ్ళగోలెము వెనుకకు నెట్టి చేతులు తుడుచుకొనునంతలో పేరిందేవమ్మ వసారాలోనికి వచ్చి కూర్చుండకయే ఖాళీ కొక్కెమువంక చూచెను.

"చెట్టేది?"

"ఎండ తగులునని లోపల పెట్టితి నమ్మగారూ" అని విరజ యనెను.

వృద్ధురాలు వాసనవెంట నడచి గోలెము వెనుకనుండి కుండను ఈవలకు లాగెను.

"నేను చంపలేదు" అని విరజ మొరపెట్టెను. "పాలు పోసితిని, పూజ చేసితిని. ఆమెకు నాపై కోపము తీరలేదు."

పేరిందేవమ్మ చెట్టును పెరికి ఒడిలో పెట్టుకొనెను. కుళ్ళిన వేళ్ళ తొక్క ఆమె వ్రేళ్ళమధ్య జారిపోయెను. తాంబూలపు సంచినుండి అడకత్తెర తీసి ఒక్కొక్క వేరును కత్తిరించుచుండ అడకత్తెర కదలినపుడెల్ల విరజ కన్నులు మూసుకొనుచుండెను. కడకు గట్టిదనము చెడని తెల్లని వేరొక్కటి మిగిలెను. ఆమె కోసిన చోట్ల పసుపు అద్ది చెట్టును మరల మామిడిమొద్దునకు కొబ్బరిపీచుతో కట్టెను.

"ఇందులో సుభద్ర కోపము లేదు. ఈ వేళ్ళు గాలి త్రాగి బ్రదుకును, నీవు వాటి నోరు మూసితివి. చెట్టునకు నీరెక్కువైనది, నీకు భయమెక్కువైనది." ఆమె కంఠము తగ్గించి యనెను. "నా కూతురు కూడ మొదటి చెట్టును మంటిలోనే పాతినది. అది చచ్చిపోగా రెండు పూటలు అన్నము మానినది. ఇది పిదప తెచ్చినది."

"ఇది బ్రదుకునా?"

"తెలియదు. వేరెండినపుడు నీరు చిలుకుము. తక్కినపుడు చేతులు కట్టుకొని యుండుము. కష్టమైన పని యదియే."

బండి యెక్కబోవుచు ఆమె విరజ మెడలో తిరుగబడియున్న సవతిబిళ్ళను చూచి సరిగ త్రిప్పి పెట్టెను. "పూచినను పూయకున్నను ఏటేట వచ్చెదను, అమ్మాయీ" అనెను.

సదాశివరావు తిరిగివచ్చి ఆకులు రాలిన కాండమును చూచి మౌనము వహింపకముందే విరజ జరిగినదంతయు తానే చెప్పివేసెను. ఆయన ఆసాంతము విని లేచి మొద్దును గాలి బాగుగ తగులు చోటికి జరిపెను.

హేమంతము గడచెను. ప్రతి యుదయమును విరజ భయపడుచునే వసారాలోనికి పోవుచుండెను. ఒకనాడు ఆ యొంటివేరు కొనయందు పెసరగింజంత పచ్చదనము కనబడెను. పట్టరాని సంతోషమున ఆమె పరుగున పోయి నీళ్ళచెంబు తెచ్చెను. పోయబోవుచు వేరును వ్రేలితో తాకి చూచెను. రాత్రి మంచుతో అది యింకను తడిగనే యుండెను. ఆమె చెంబును నేలపై దించి చెట్టునకేమియు చేయక దాని ప్రక్కన చేతులు కట్టుకొని కూర్చుండెను.