శాంపిల్ బెల్టు

పాత కార్లకు రంగేసి అమ్ముకునే షోరూము పెద్దల్లారా, సరోజినీదేవి నుదుటి మీది నాలుగు కుట్లూ మీ చలవే. మీరు హైదరాబాదులో ఏసీ గదిలో చల్లగా కూర్చున్నారు. తిరువూరులో జనం మాత్రం చేతికి దొరికిన మనిషి మీద పడ్డారు. దొరికినవాడు మెకానిక్ నాగూర్.

సరోజినీదేవి కూతురు శ్రీవల్లి పశువుల డాక్టరు. ఊరూరా తిరిగి గేదెలకు సూదులు వేసే మనిషి. ఎన్నాళ్ల ముచ్చటో ఏమో, రెండు తలుపుల ఎర్ర స్పోర్ట్స్ కారు ఒకటి మీ దగ్గర సెకండ్ హ్యాండులో కొనుక్కుంది. "గేదెను ఎక్కడ కూర్చోబెడతావు డాక్టరమ్మా, ఒళ్లోనా?" అని రైతులు ఆటపట్టించేవారు. కొన్న నెలకే ఇంజను ముందు తిరిగే బెల్టు తెగింది. నాగూర్ కొత్తది వేసి, బానెట్టు మీద చెయ్యి పెట్టి, "వెళ్లిరామ్మా, పూచీ నాది" అన్నాడు.

ఆ పూచీ పదకొండు రోజులు నిలిచింది. పొద్దున్నే తల్లిని నెమలి ఊళ్లో గుడికి తీసుకెళ్లి తిరిగొస్తుంటే డాష్‌బోర్డులో బ్యాటరీ దీపం ఎర్రగా వెలిగింది. బ్యాటరీయే కదా, ఇంటికెళ్లాక చూద్దాంలే అనుకుంది శ్రీవల్లి. బెల్టు తెగిందని ఆమెకు తెలియదు. కరెంటు పుట్టించే ఆల్టర్నేటరూ, నీళ్ల పంపూ, స్టీరింగు పంపూ అన్నీ ఆ ఒక్క బెల్టు మీదే తిరుగుతాయనీ తెలియదు. తిన్నటి రోడ్డు మీద ఏమీ అనిపించలేదు. వినగడప దాటాక మలుపొచ్చింది. స్టీరింగు తిరగనని మొండికేసింది. కారు మామిడితోట కంచెకు తగిలి ఆగింది. తల్లి నుదురు తలుపు అంచుకు కొట్టుకుని చిట్లింది. బానెట్టు సందుల్లోంచి బుసబుసా ఆవిరి.

మర్నాడు పొద్దున్నే శ్రీవల్లి తండ్రి దశరథరామయ్య కారును ట్రాక్టరుతో లాగించుకుని, కూతురితో కలిసి నాగూర్ షెడ్డుకు వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"ఏమయ్యా నాగూర్, పూచీ అన్నావంట?"

"అన్నానండి."

"మా ఆవిడ మొహం చూసి అను, ఇంకోసారి."

నాగూర్ చేతిలోని రెంచి కింద పెట్టాడు.

"సాయంత్రం దాకా టైమిస్తున్నా. ఎందుకు తెగిందో చెప్పు. తెలీదంటే తెలీదని నలుగురిలో ఒప్పుకో. బండి బెజవాడ పంపిస్తా. మా ఇంటి ట్రాక్టరు చక్రం కూడా ఇక నీ గడప తొక్కదు."

ఆయన వెళ్లాక శ్రీవల్లి ఉండిపోయింది. వాతావరణం తేలిక చేద్దామని కాబోలు, "నాగూరన్నా, ఇది విను. నిన్న బానెట్టు ఎత్తితే బెల్టు తెగి ఉంది. దారిన పోయే పెద్దాయన్ని ఆపి, ఇక్కడ బెల్టు ఎక్కడ దొరుకుద్దండీ అని అడిగా. నన్ను కిందికీ పైకీ చూసి, గొంతు తగ్గించి, 'బెల్టు షాపు ఇంత పొద్దున్నే తియ్యరమ్మా, అయినా ఆడపిల్లవి నీకెందుకు ఆ మందు' అన్నాడు" అంది.

నాగూర్‌కు నవ్వొచ్చింది గానీ ఎంతోసేపు నిలవలేదు. తెగిన బెల్టు పట్టుకుని తిన్నగా బావమరిది అల్తాఫ్ స్పేర్‌పార్టుల కొట్టుకు పోయాడు. కొట్టు ముందు బోర్డు: 'శాంపిల్ తెస్తేనే సామాను'.

"డూప్లికేటు అంటగట్టావు కదరా!"

"ఒట్టు బావా, కంపెనీ సరుకే. నువ్వు తెచ్చిన శాంపిల్ పక్కన పెట్టి చూసే ఇచ్చా. పొడుగు సరే, గాట్లు సరే. ఇంకేం చూడమంటావు?"

అల్తాఫ్ ఇంకో కంపెనీ బెల్టు తీసి, తెగినదాని పక్కన వేలాడదీసి చూపించాడు. అచ్చం అంతే. నాగూర్ దాన్ని తీసుకొచ్చి వేశాడు. ఇంజను స్టార్టు చేసి, లైట్లు వేసి, ఏసీ పెట్టాడు. కీచుమంది. సీసాతో బెల్టు గాట్ల మీద నీళ్లు చల్లాడు. బెల్టు తిరిగే చక్రాలు, అంటే పుల్లీలు, ఒక వరసలో లేకపోతే తడికి ఆ కూత కాసేపు ఆగాలి. ఆగలేదు, ఇంకా పెరిగింది. అంటే పట్టు చాలక జారుతోంది. జారితే కాలుతుంది, కాలితే తెగుతుంది. అంతవరకూ తెలిసింది. ఎందుకు జారుతోంది?

ఇంజను ఆపి, బెల్టును లాగిపట్టే స్ప్రింగు చూశాడు, గట్టిగానే ఉంది. బెల్టు తప్పించి పుల్లీలు ఒక్కొక్కటే చేత్తో తిప్పాడు. గరగర లేదు, ఊగడం లేదు. స్టీలు స్కేలు ఆనించి చూశాడు, వంకర లేదు. ఎక్కడా ఆయిలు చుక్క లేదు. అన్నీ బాగున్నాయి. అదే బాగాలేదు. ఇరవై రెండేళ్లుగా ఇంజను కూత విని జబ్బు చెప్పిన చెవులు ఇవాళ తనవి కానట్టున్నాయి. మధ్యాహ్నం భార్య పీర్‌బీ క్యారేజీ తెస్తే మూత తీసి, మళ్లీ పెట్టేశాడు.

"దిష్టి తీయనా?" అంది పీర్‌బీ.

"కారుకా, నాకా?"

"ఎవరు ముందు కీచుమంటే వాళ్లకి."

బెల్టు వేయడం అతనికి పది నిమిషాల పని. కానీ 'వెళ్లిరామ్మా' అనే ఆ ఒక్క మాట గొంతు దాటదు. తెలియకుండా అంటే మళ్లీ ఏ మలుపులోనో, ఈసారి కంచె కాక లారీయే ఎదురొస్తే?

మూడు గంటలకు శ్రీవల్లి మళ్లీ వచ్చింది. ఇద్దరూ బానెట్టు కింద తల పెట్టి నిలబడ్డారు.

"అన్నా, మేం పశువుని చూసేటప్పుడు ఉన్నవే కాదు, ఉండాల్సినవి ఉన్నాయో లేదో కూడా చూస్తాం. ఇక్కడ ఎన్ని చక్రాలుండాలి?"

"ఎన్నుంటే అన్నే ఉండాలమ్మా" అన్నాడు నాగూర్ విసుగ్గా. అనేశాక ఆ మాట అతనికే అదోలా వినిపించింది. పాత బెల్టు ఏ దారిన పోతే కొత్తదీ ఆ దారినే వేశాడు. అందరూ చేసేది అదే. ఆ పాత దారి సరైనదని ఎవరు చెప్పారు?

తలెత్తాడు. బానెట్టు లోపలివైపు షోరూమువాళ్ల పెద్ద నీలం స్టిక్కరు: 'రెండు వందల అంశాలు పరీక్షించిన బండి'. నిన్నటి ఆవిరికి దాని మూల ఊడి వేలాడుతోంది. కింద పసుపుపచ్చ కాగితం అంచు, దాని మీద నల్లటి గీత. గోరు పెట్టి లాగాడు. స్టిక్కరు జర్రున ఊడొచ్చింది. కింద, కారు కంపెనీవాళ్లు వేసిన బొమ్మ. బెల్టు ఏ చక్రం మీంచి ఎలా పోవాలో గీసిన దారి.

శ్రీవల్లి బొమ్మ మీద వేలు పెట్టి లెక్కపెట్టింది. "ఏడు."

నాగూర్ ఇంజను మీద లెక్కపెట్టాడు. ఆరు. మళ్లీ లెక్కపెట్టాడు. ఆరే.

ఏడోది ఆల్టర్నేటరు పక్కన ఉండాల్సిన చిన్న పుల్లీ. బెల్టును లోపలికి నొక్కి, ఆల్టర్నేటరు చుట్టూ గట్టిగా చుట్టుకునేలా చేసేది. అది ఉండాల్సిన చోట నల్లరంగు పులిమి ఉంది. స్క్రూడ్రైవరుతో గీకితే బోల్టు మరలున్న ఖాళీ రంధ్రం బయటపడింది. పుల్లీ మొరాయించి ఉంటుంది. కొత్తది వేయకుండా పీకి పారేశారు. దారి తగ్గింది కాబట్టి పొట్టి బెల్టు వేశారు. ఆ పొట్టి బెల్టే నాగూర్‌కు శాంపిల్ అయింది. దొంగ చూపిన అడుగుల్లోనే నడిచి, రెండుసార్లు, తన చేత్తోనే బిగించాడు.

సాయంత్రం దశరథరామయ్య వచ్చాడు. నాగూర్ ఆయనకు బొమ్మ చూపించాడు, రంధ్రం చూపించాడు.

"పీకింది వాళ్లండి. చూడకుండా పూచీ పడింది నేను. నా తప్పు నాదే."

దశరథరామయ్య ఆ రంధ్రంలో వేలు పెట్టి చూశాడు. "ఈ ఇంత బొక్కేనా మా ఆవిడ తల పగలగొట్టింది?" అన్నాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

నాగూర్ అప్పటికే షోరూముకు ఫోను కలిపాడు. అటునుంచి తియ్యటి గొంతు: "రెండు వందల పాయింట్లు చెక్ చేసిన బండి సార్ అది."

"రెండు వందలు వద్దు బాబూ, ఏడు దాకా లెక్కపెట్టడం వచ్చా మీకు?" నాగూర్ గొంతు షెడ్డు దాటి రోడ్డు మీదికి పోయింది. ఆ కేకకు అల్తాఫ్ కొట్టులోంచి పరుగెత్తుకొచ్చాడు. "అల్తాఫూ, నువ్వూ విను. ఆ బోర్డు దించెయ్. బండి నంబరు చూసి, పుస్తకంలో బెల్టు నంబరు చూసి ఇవ్వు, శాంపిల్ చూసి కాదు. బాబూ, లైన్లో ఉన్నావా? రేపటి బస్సుకు ఆ ఏడో పుల్లీ, దాని బోల్టు, కంపెనీ నంబరున్న బెల్టు రావాలి. అవి పడేదాకా ఈ బండి కదలదు. ఇంకోటి. మీ ఆవరణలో ఉన్న ప్రతి బండి బానెట్టూ ఎత్తండి. ఆ నీలం స్టిక్కర్లన్నీ పీకండి. కింద ఉన్న బొమ్మతో ఇంజను సరిచూసి, ఏది మార్చారో, ఏది పీకారో కాగితం మీద రాసి, సంతకం పెట్టి, అప్పుడు అమ్మండి. రేపు కాదు. ఇవాళే పీకండి."